రజితక్కకు చెప్పిన తప్పు పాఠం

మంగళవారం, కార్ఖానా ఏరియా, హాస్టల్ గది

ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటుంటే నేనూ కోర్సులో చేరాను. నేనో పాఠం చదవగానే అదే కోర్సు చదివే రూమ్మేట్ రజితక్క వచ్చి కూర్చుంటుంది. "పుస్తకం మూసి చెప్పు, నాకు సమజ్ గాలే" అంటుంది. తను చదవకుండా నా కష్టంతో పరీక్ష గట్టెక్కాలని చూస్తోందని నా అనుమానం.

అందుకే ఈ రోజు కావాలనే తప్పు చెప్పాను. ప్రోగ్రాముల్లో డేటా పేర్చి దాచే 'స్టాక్' అంటే టికెట్ క్యూ లాంటిది, ముందొచ్చిందే ముందు పోతుందన్నాను.

"గట్లెట్లయితది? ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడ్తం. పైదే కదా ముందు తీస్తం?" అంది.

అంటే తనకు ముందే తెలుసు. మరి రోజూ నన్నెందుకు అడుగుతోంది?

తనను పట్టుకోవడానికి సరైన తప్పు వెతుకుతూ ఆ పాఠం మూడుసార్లు చదివాను. ఇప్పుడు పుస్తకం మూసినా అంతా గుర్తుంది. వల వేసింది నేనో, రజితక్కో...