ఆరు గంటల నల్లబల్ల

మార్చి 10

ప్రియమైన నాన్నకు,

రెండేళ్ల తర్వాత రాస్తున్నాను. నిన్న ఆదివారం మీ స్టేషన్‌కి వచ్చాను. గేటు దగ్గర నా టికెట్ తీసుకున్నది మీరే. టికెట్ వైపు తప్ప నా ముఖం వైపు చూడలేదు. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. నా పెళ్లప్పుడు మీరన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "రైల్వేవాడి కూతురివై లారీ డ్రైవర్ని చేసుకుంటావా? మన రైళ్ల సరుకంతా లాక్కుపోతున్నది వాళ్లేగా."

అందుకే ప్రయాణికులు కబుర్లు రాసుకునే నల్లబల్ల మీద, అందరిలా మీ ఇంటిపేరు పెట్టి, సుద్దతో రాశాను: "సుగావరా గారికి. ఎదురుగా నూడుల్స్ కొట్లో ఉన్నాను. రండి. కిమియే. ఉదయం 10." ఆరు గంటలు కూర్చున్నాను. మూడు గిన్నెలు తిన్నాను. కొట్టామె జాలిపడి నాలుగోది ఊరికే ఇచ్చింది. సరిగ్గా నాలుగింటికి మీరు గుడ్డ పట్టుకొచ్చి తుడిచేశారు. కొట్టు కిటికీ అద్దంలోంచి చూశాను. జవాబు అందింది.

ఇరవయ్యో తేదీన ఎక్కడో ఉత్తరాన ఉన్న అవొమొరి వెళ్లిపోతున్నాం. మా ఆయన యసుహీకోకి అక్కడ పని దొరికింది. మళ్లీ విసిగించను.

మీ కిమియే

మార్చి 12

కిమియే, తల్లీ,

తుడిచింది నేనే. కానీ నువ్వు రాసింది చదివి తుడవలేదమ్మా. ఆరు గంటలు దాటిన కబురు తుడిచెయ్యాలన్నది నియమం. నేను చూసేది రాసిన టైము ఒక్కటే. ఎవరో ఎవరికో రాసుకున్నది చదవడం మర్యాద కాదని ఇరవై రెండేళ్లుగా చదవలేదు. స్టేషన్‌వాడి ఇంట్లో పెరిగావు, ఆ మాత్రం తెలీదా? నోరు పెగలకపోతే నా కాలైనా తొక్కాల్సింది.

నాకు కాలు నిలవడం లేదు. పొద్దున ఒకాయన టికెట్‌కి రెండు కన్నాలు కొట్టాను. "ఏం బాబూ, నన్ను రెండుసార్లు పంపుతావా?" అన్నాడాయన.

ఆదివారం రా. ఆ లారీ అబ్బాయిని కూడా తీసుకురా.

నాన్న

మార్చి 18

ప్రియమైన నాన్నకు,

పాత ఇల్లు ఖాళీ చేసేశాం. మీ ఉత్తరం తిరిగి తిరిగి ఇవాళ చేరింది. ఆదివారమంతా మీరు గేటు వైపు చూస్తూ ఉండి ఉంటారు. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఇది మీకు ఇరవయ్యో తేదీ పొద్దున చేరొచ్చు. ఉవెనో స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. మీ దగ్గర ఆగదు, పది నలభైకి దాటుతుంది. నాలుగో పెట్టె, మీ వైపు కిటికీ. లారీలో వెళ్దామన్నాడు యసుహీకో. రైలే అని నేను పట్టుబట్టాను. అక్కడి చిరునామా కవరు వెనక రాశాను.

మీ కిమియే

మార్చి 20

తల్లీ,

ఉత్తరం తొమ్మిదిన్నరకి అందింది. ఎవరినీ అడక్కుండా నల్లబల్లని గోడ నుంచి దించి ప్లాట్‌ఫాం మీదికి మోశాను. పెద్ద అక్షరాలతో రాశాను. రెప్ప వేసేలోపు రైలు వెళ్లిపోయింది. కిటికీలో తెల్లగా ఏదో ఊగింది. నీ చెయ్యో, ఎవరి రుమాలో.

"సుగావరా గారూ, బల్ల షికారుకొచ్చిందా?" అన్నారు స్టేషన్ మాస్టర్.

ఇప్పుడు ఐదయింది. ఆరు గంటలు దాటాయి. తుడవలేదు, తుడవను కూడా. చదివావా?

నాన్న

మార్చి 24

ప్రియమైన నాన్నకు,

చదవలేకపోయాను. సుద్ద గీతలు మెరిశాయి, అంతే. కానీ పక్కన మీరు కనిపించారు. టోపీ తీసి ఊపుతున్నారు. అమ్మ పోయిన కబురు వచ్చినప్పుడు కూడా డ్యూటీలో ఆ టోపీ తియ్యలేదు మీరు. నేను ఏడుస్తుంటే, "మామగారు ఏం రాశారంటావ్?" అని యసుహీకో ఒకటే పోరు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఉత్తరంలో రాయకండి. వచ్చి చెప్పండి. బయల్దేరే ముందు బల్ల తుడిచెయ్యండి, పాపం మిగతావాళ్లూ రాసుకోవాలిగా. ఇక్కడి గేటు దగ్గర ఇద్దరం నిలబడి ఉంటాం. ఈసారి మీరు టికెట్ ఇచ్చి, తలెత్తి చూడండి.

మీ కిమియే