మన ఊళ్ళోనే తప్పిపోయాం

మా చిట్టితల్లికి,

నాన్న ముద్దులతో, అమ్మ వెయ్యి జాగ్రత్తలతో, తమ్ముడి వెక్కిరింతలతో కలిపి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ఇంట్లో నాలుగోదానివి నువ్వు, నీ సంగతి నువ్వే రాయాలి. మీ స్పోర్ట్స్ హాస్టల్లో ఫోన్లు లాక్కుని పుణ్యం కట్టుకున్నారు. లేకపోతే ఈ వయసులో నేను కలం పట్టేవాణ్ణే కాదు. తమ్ముడు నా భుజం మీంచి తొంగిచూసి, "నాన్నా, ఇది ఉత్తరమా, లిఫ్టు వైరింగ్ బొమ్మా?" అంటున్నాడు. వాడి మాటలు పట్టించుకోకు.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెబుతాను. అవును, పరాయి దేశం ప్రయాణం నిజమే. అమ్మకి మందుల షాపులో సెలవు ఇచ్చారు. మా కంపెనీలో నాకూ ఇచ్చారు, కాకపోతే మా సూపర్‌వైజరు "నువ్వు లేనప్పుడు లిఫ్టులన్నీ ఒకేసారి పాడైతే నీదే బాధ్యత" అని బెదిరించి మరీ ఇచ్చాడు. "నాన్నా, నిజంగా లిఫ్టు చూడ్డానికే అంత దూరం వెళ్తున్నావా?" అని కూడా అడిగావు. ఎవరు ఉప్పందించారో నాకు తెలుసు, లాయరుగారే అయ్యుంటాడు. ఈ మధ్య ప్రతిదానికీ వాదన పెట్టుకుంటున్నాడని మీ తమ్ముడికి ఆ పేరు పెట్టాం.

లిఫ్టు మాట అబద్ధం కాదమ్మా. ఆ ఊళ్ళో ఒక పాత ఆఫీసు భవనంలో తలుపుల్లేని లిఫ్టు ఉందట. వరసగా పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి, పైకి వెళ్ళి అటువైపునుంచి కిందికి దిగుతూ తిరుగుతూనే ఉంటాయట. ఎక్కడా ఆగదు. కదులుతుండగానే ఎక్కాలి, కదులుతుండగానే దిగాలి. పెళ్ళికి ముందునుంచీ ఆగిపోయిన లిఫ్టుల్ని బాగుచేస్తున్నవాణ్ణి, అసలు ఆగని లిఫ్టు ఉందంటే చూడకుండా ఎలా ఉండను? మీ అమ్మ మాత్రం మండిపడింది. "ఇంత ఖర్చుపెట్టుకుని సముద్రాలు దాటేది లిఫ్టెక్కడానికా! అంత సరదాగా ఉంటే మన మెట్ల పక్కనే ఉంది, వెళ్ళి పొద్దస్తమానం ఎక్కి దిగండి" అంది. అందుకని పైకి మ్యూజియం, నది, కోట అంటున్నాను. లోపల మాత్రం లిఫ్టే. నీకొక్కదానికే చెబుతున్నా.

మీ అమ్మ అప్పుడే పెద్ద సూట్‌కేసు అటకమీంచి దింపించింది. అది హాలు మధ్యలో నోరు తెరుచుకుని కూర్చుంది. రోజూ దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నాం. బట్టలు ఇంకా పెట్టలేదు గానీ మందులు నిండిపోయాయి. దగ్గుకి, జలుబుకి, కడుపునొప్పికి, ఏమీ లేకపోయినా వేసుకోవడానికి. ఆ దేశంలో ఎవరికి జబ్బు చేసినా మన గది తలుపే తట్టాలి. లాయరుగారేమో ఆ దేశం భాష నేర్చుకుంటున్నాడు. "నమస్కారం", "ధన్యవాదాలు" ఇంకా రాలేదు. మొట్టమొదట నేర్చుకున్నది "క్షమించండి, మా నాన్న కనబడటం లేదు" అన్న వాక్యం. ఎందుకురా అంటే, "అక్కడ ముందు అవసరమయ్యేది అదే నాన్నా" అన్నాడు. వాడికి అంత నమ్మకం నామీద.

ఇక నీ ఉత్తరం చివర్లో రాసిన మాట. "సెలవుల్లో మాకు ఈత క్యాంపు ఉంది. నేను రాలేను. మీరు ముగ్గురూ వెళ్ళిరండి" అన్నావు. అది చదివాక అమ్మ రెండు రోజులు సూట్‌కేసు జోలికి పోలేదు. తమ్ముడు కూడా ఏ వాదనా పెట్టుకోకుండా ఊరుకున్నాడంటే చూసుకో. అందుకే టిక్కెట్లు ఇంకా కొనలేదు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆదివారం జరిగిన భాగోతం చెప్పాలి.

బాగుచేసిన లిఫ్టులోకి జనాన్ని వెంటనే ఎక్కించం. ముందు మేమే ఎక్కి, కిందికీ పైకీ తిరిగి చూసుకుంటాం. ఆ లెక్కన పరాయి ఊరు వెళ్ళేముందు ఒకసారి మనం కూడా రిహార్సల్ వేసుకోవాలని నాకు తట్టింది. మన ఊళ్ళోనే, మనం ఎప్పుడూ వెళ్ళని పాత మార్కెట్టు వైపు వెళ్ళాలి. అది పరాయి దేశం అనుకోవాలి. ఫోన్లు ఆపేసి అమ్మ సంచీలో పెట్టాలి. కాగితం మ్యాపు తప్ప దిక్కులేదు. ఎవర్నీ దారి అడగకూడదు, ఎందుకంటే అక్కడ మన భాష ఎవరికీ రాదు. ఇక అన్నిటికంటే పెద్ద రూలు నీకు తెలిసిందే, మీ చిన్నప్పటినుంచీ నేను బుర్రకెక్కించిందే. తప్పిపోయినవాళ్ళు ఉన్నచోటే నిలబడాలి. అడుగు కదపకూడదు. వెతికేవాళ్ళు వస్తారు. లిఫ్టు మధ్యలో ఆగితే గంట నొక్కి కుదురుగా కూర్చున్నవాళ్ళందర్నీ నేను క్షేమంగా బయటికి తీశాను. దెబ్బలు తగిలించుకున్నవాళ్ళంతా తలుపులు పీకి దూకబోయినవాళ్ళే.

మార్కెట్టులో ఒకటే రద్దీ. నేను మ్యాపు పట్టుకుని పెద్ద గైడులా ముందు నడుస్తున్నాను. ఇటు తిరగండి, అటు తిరగండి అంటూ కాసేపు నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నానని తర్వాత తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. వెనక్కి పరిగెత్తబోయాను. అయినా రూలు రూలే కదా. తప్పిపోయింది నేనే అని ఒప్పుకుని, ఒక చెప్పుల కొట్టు ముందు స్తంభంలా నిలబడ్డాను. కొట్టతను వచ్చి "ఏ సైజు కావాలి సార్?" అన్నాడు. నాకు భాష రాదు కదా! అడ్డంగా తలూపాను. కాసేపాగి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తలూపాను. మూడోసారి లోపలికి కేకేసి, "పాపం, మూగాయన, ఒక స్టూలు వెయ్యండి" అన్నాడు. వేశారు. మొహమాటపడుతూ కూర్చున్నాను. మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

అటు మీ అమ్మ బ్యాగుల కొట్టు దగ్గర సూట్‌కేసుకి తాళం చూస్తూ ఆగిందట. తలెత్తితే మేం లేం. తనే తప్పిపోయిందనుకుని అక్కడే నిలబడింది. సంచీలో మూడు ఫోన్లున్నాయి. మూడూ ఆపేసి ఉన్నాయి. ఆన్ చేస్తే రూలు తప్పినట్టవుతుందని ముట్టుకోలేదట, మహాతల్లి! లాయరుగారు ఇంకో వీధి మొగలో, పాత కెమెరాల కొట్టు బయట నిలబడ్డాడు. వాడూ అదే అనుకున్నాడు. ముగ్గురం తప్పిపోయాం. ముగ్గురం నిలబడ్డాం. మధ్యాహ్నం ఎండ కాస్తా దిగి దీపాలు పెట్టే వేళయింది. ఒకళ్ళకొకళ్ళం కూతవేటు దూరంలోనే ఉన్నాం!

చివరికి మీ అమ్మకి తిక్క రేగింది. విసవిసా నడిచి వెళ్ళి, తమ్ముణ్ణి చెవి పట్టుకుని లాక్కుంటూ, నా చెప్పుల కొట్టు దగ్గరికి వచ్చింది. నేను స్టూలు మీద హాయిగా కూర్చుని ఉన్నాను. "ఏమండీ, అందరూ నిలబడితే వెతికేది ఎవరండీ?" అని అరిచింది. "రూలు..." అని నీళ్ళు నమిలాను. నేను మాట్లాడటం చూసి చెప్పుల కొట్టతను అదిరిపడ్డాడు. పాపం, ఆయన మొహం చూడలేక ఒక జత కొనుక్కుని వచ్చాను. కొంచెం బిగుతు.

బస్సులో తమ్ముడూ అమ్మా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. "వెతికేది ఎవరు" అన్న మాట అమ్మ నా రూలు గురించి అంది గానీ, నాకు నువ్వు గుర్తొచ్చావు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. కోప్పడకుండా చదువు. మీ కోచ్‌గారు పోయిన నెలే నాకు ఫోన్ చేశారు. నిన్ను జట్టులోంచి తీసి జూనియర్లతో వేశామని, భుజం నొప్పి తర్వాత నీ వేగం తగ్గిందని, నువ్వు బాగా కుంగిపోయావని చెప్పారు. సెలవుల్లో క్యాంపు జట్టు పిల్లలకే అని కూడా చెప్పారు. కాబట్టి నీకు క్యాంపు లేదని నాకు తెలుసు తల్లీ. నీ ఉత్తరం రాకముందే తెలుసు.

తెలిసీ నోరు మెదపలేదు. నువ్వే రాస్తావు, రాశాక మాట్లాడదాం అనుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు గంట నొక్కుతావని నేనిక్కడ ఎదురుచూస్తూ నిలబడ్డాను. నువ్వేమో మాకు తెలియకుండా ఎలాగోలా సర్దుకుపోవాలని చూస్తున్నావు. ఉత్తరం కింద ఎప్పుడూ "మీ చేపపిల్ల" అని రాసేదానివి, పోయిన రెండు ఉత్తరాల్లో "మీ అమ్మాయి" అని మాత్రమే ఉంది. అది చూసి కూడా ఊరుకున్నాను చూడు, నన్నేమనాలి?

బహుశా నా మొహం ఎలా చూడాలా అని నువ్వు భయపడి ఉంటావు. ఎందుకంటే నేను కోసిన కోతలు అలాంటివి. నా లిఫ్టులో ఎక్కినవాళ్ళెవరూ నీ పతకాల కథ వినకుండా దిగలేదు. మొన్న మన బిల్డింగులో ఆరో అంతస్తు టీచరమ్మగారు "మీ అమ్మాయి ఎలా ఉందయ్యా?" అని అడిగితే, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ పతకం గురించి అడగలేదు, పోటీల గురించి అడగలేదు. "అయితే పిల్ల ఇంటికెప్పుడు వస్తోంది?" అంది. నేను అడగాల్సిన మాట అదే కదా అనిపించింది.

బస్సు దిగాక అమ్మకి అంతా చెప్పాను. ముందు ఏడ్చింది. తర్వాత నా తల వాచేలా చీవాట్లు పెట్టింది. "నెల రోజులుగా ఆ పిల్ల ఒక్కత్తే లోపల్లోపల కుమిలిపోతుంటే, మీరు లిఫ్టు బొమ్మలు చూస్తూ కూర్చున్నారా!" అంది. ప్రతి తిట్టూ న్యాయమే. తమ్ముడు మాత్రం, "అక్క జూనియర్ అయితే ఏమైంది? ఎలాగూ నాకంటే ఫాస్టే కదా" అన్నాడు. వాడికి ఈతే రాదు.

ఈత కొనసాగిస్తావో, కొన్నాళ్ళు ఆపుతావో, అది నీ ఇష్టం. ఆ ఊళ్ళో నది ఒడ్డున కూర్చుని దాని గురించి మాట్లాడుకున్నా సరే, ఆ ఊసే ఎత్తకపోయినా సరే. నీ పతకాలు చూసుకుని నేను మురిసిపోయిన మాట నిజమే. కానీ నాకు ఇష్టమైంది నువ్వు. అవి లేకపోయినా ఇష్టమే. ఈ మాట నీ ముఖం చూస్తూ ఎప్పుడూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. నువ్వు లేకుండా మేం ముగ్గురం ఏ దేశమూ వెళ్ళం.

ఇక్కడివరకు ఇంట్లో రాశాను. పోస్టులో వేద్దామని డబ్బా దాకా వెళ్ళి, వెయ్యలేక జేబులో పెట్టుకున్నాను. కింది నాలుగు మాటలు మీ హాస్టలు గేటు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తమ్ముడిదే తప్పు, పక్కన కూర్చుని ఒకటే కాళ్ళూపుతున్నాడు. అమ్మ వార్డెన్‌గారితో మాట్లాడి రెండు రోజుల సెలవు ఒప్పించింది. నీ పాస్‌పోర్టు దరఖాస్తు కాగితం తెచ్చాం, సంతకం పెడతావో లేదో తర్వాత చూద్దాం. ఈ ఉత్తరం వాచ్‌మన్ చేతికిచ్చి పైకి పంపుతున్నాను. మగవాళ్ళని మెట్లెక్కనివ్వరట గానీ, అమ్మని ఎవరూ ఆపలేరు. ఇది చదవడం పూర్తయ్యేసరికి నీ గది తలుపు చప్పుడవుతుంది. తియ్యి.

ఇట్లు,
కింద గేటు దగ్గరున్న
మీ నాన్న