బావగారి కింది దవడ

బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు "హలో" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఆ తర్వాత మీ అక్క వచ్చి ఫోను అందుకునేదాకా ఇద్దరం కాచుకుని ఉంటాం. అందుకని రాస్తున్నాను.

పోయిన నెల పన్నెండో తేదీ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నా క్రేను కొక్కేనికి ఒక ఇనుప పెట్టె వేలాడుతోంది. రెండూ పన్నెండుకు కూడా వేలాడుతోంది. మధ్యలో రెండు నిమిషాలు ఏం జరిగిందో నాకు తెలియదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎవరూ చూడలేదు. రోజు పుస్తకంలో "రెండు నిమిషాలు నిద్రపోయాను" అని రాసి సంతకం పెట్టాను. సూపర్‌వైజరు తల పట్టుకుని, "నిన్నెవరు రాయమన్నారయ్యా బాబూ?" అన్నాడు.

మా సరుకుల యార్డు డాక్టరు నన్ను నిద్ర పరీక్షకు పంపాడు. ఒంటికి తీగలు అంటించి పడుకోబెట్టారు. నిద్రలో గంటకు ఇరవై రెండుసార్లు నాకు ఊపిరి ఆగుతోందట. మూతికి తొడుగు పెట్టి గాలి కొట్టే యంత్రం ఇచ్చారు. మూడు వారాలు ప్రయత్నించాను. నిద్రలో నేనే పీకి అవతల పారేస్తున్నాను. నాలాంటి వాళ్లకు పళ్లకు తొడిగే ప్లేట్లు కూడా పనిచేస్తాయని నిద్ర డాక్టరు చీటీ రాశాడు. నువ్వు పళ్ల సెట్లు చేసేవాడివి కాబట్టి నిన్ను అడుగుతున్నాను.

నా క్రేను మీద ఇప్పుడు వేరే అతను కూర్చుంటున్నాడు. నన్ను దించి గేటు దగ్గర వేశారు. మూడు నెలల్లో మళ్లీ పరీక్ష చేయించుకుని మంచి రిపోర్టు చూపిస్తే పైకి పంపుతారు. లేకపోతే రిటైరయ్యేదాకా గేటే. పంతొమ్మిదేళ్లు పైనుంచి పని చేసినవాణ్ణి. నేల మీద నాకు కాళ్లు ఆనడం లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. మీ అక్క ఈ ఉత్తరం చదివి, గురక సంగతి మరీ తక్కువ చేసి రాశానంది. నేను అసలు రాయలేదు.

*

బావగారికి మీ బావమరిది నమస్కారాలు.

మీ దగ్గర్నుంచి ఉత్తరం, అదీ పేజీ నిండా! కవరు మీద మీ చేతిరాత చూసి మా ఆవిడ ఎవరికో ఏదో అయిందని హడలిపోయింది. చదివాక, "పెళ్లైన దగ్గర్నుంచి మీ బావగారు మాట్లాడిందంతా కలిపినా ఇంత ఉండదు" అంది.

క్రేను మీద నిద్రపోవడమా బావగారూ! పైగా రాసి సంతకం పెట్టారా? ఆ పని లోకంలో మీరొక్కరే చెయ్యగలరు. అలా రాయబట్టే జబ్బు బయటపడింది కాబట్టి ఇంకేమీ అనను.

సంగతేమిటంటే బావగారూ, నిద్ర పట్టగానే గొంతు వెనక కండలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది. గాలి పోయే దారి ఇరుకైతే వచ్చే చప్పుడే గురక. దారి మొత్తం మూసుకుపోతే గురకా ఉండదు, ఊపిరీ ఉండదు. అప్పుడు ఒళ్లు ఉలిక్కిపడి, ఇంత గాలి లాక్కుని, మళ్లీ నిద్రలోకి పోతుంది. అంటే మీకు తెలియకుండానే గంటకు ఇరవై రెండుసార్లు మిమ్మల్ని ఎవరో తట్టి లేపుతున్నట్టు. ఇంక మధ్యాహ్నం కునుకు రాక ఏం చేస్తుంది?

ప్లేట్లు రెండుంటాయి, ఒకటి పై పళ్లకు, ఒకటి కింది పళ్లకు. రెండూ కలిసి కింది దవడను కొంచెం ముందుకు పట్టి ఉంచుతాయి. దవడ ముందుకొస్తే దాని వెంట నాలుకా వస్తుంది, దారి తెరుచుకుంటుంది. అంతకుమించి మంత్రమేమీ లేదు. కాకపోతే నేను వట్టి పనివాణ్ణి. పళ్లూ చిగుళ్లూ చూసి, అచ్చులు తీసి, దవడ ఎంత ముందుకు రావాలో తేల్చాల్సింది మా డాక్టరమ్మ. ఆ చీటీ పట్టుకుని బయల్దేరండి.

ఉంటాను,
మీ బావమరిది

తా.క. గురక జబ్బేనని నేను రాసినట్టు అక్కకు చెప్పకండి. ఇరవై ఏళ్ల కిందటే తాను కనిపెట్టానంటుంది, తట్టుకోలేం.

*

బావగారికి నమస్కారాలు.

మీరు ప్లేట్లతో సహా క్షేమంగా ఇల్లు చేరారని అక్క ఫోను చేసింది. రెండు విడతలుగా మా ఇంట్లో నాలుగు రోజులున్నారు, ఆరు మాటలు మాట్లాడారు. మా పిల్లలు లెక్కపెట్టారు. అచ్చులు తీసేటప్పుడు నోటినిండా ముద్ద కూరి, "ఇబ్బందిగా ఉందా?" అని మా డాక్టరమ్మ అడిగితే మీరు కనురెప్ప కూడా వెయ్యలేదు. "ఇంత మంచి పేషెంటుని నా సర్వీసులో చూడలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

ఆవిడ నోటితో చెప్పింది చాలదని, మీ డబ్బాలో నా చేత్తో రాసిన కాగితం పెట్టాను, చూసే ఉంటారు. "రాత్రి ప్లేట్లు పెట్టుకోవాలి. పొద్దున తీసి, బ్రష్షుతో కడిగి, డబ్బాలో పెట్టాలి. వేడినీళ్లు తగలకూడదు. నాలుగు రోజులకోసారి, దవడ ఇంకాస్త ముందుకొచ్చేలా, ప్లేటు పక్కనున్న మరను చిన్న తాళంచెవితో ఒక్క తిప్పు తిప్పాలి. దవడ నొప్పి తగ్గకపోతే తిప్పడం ఆపి నాకు రాయాలి." కాగితం మీద ఉన్నది మీరు అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. నా ధైర్యం అదే. ఏ రాత్రి సంగతి ఆ రాత్రి రాసుకుని పంపండి.

ఉంటాను,
మీ బావమరిది

తా.క. మొదట్లో నోట్లో నీళ్లు బాగా ఊరతాయి. దిండు మీద తువ్వాలు వేసుకోండి.

*

బావమరిదికి,

పది రాత్రుల సంగతులు రాస్తున్నాను.

మొదటి రాత్రి: నోట్లో నీళ్లు ఊరాయి. గురక లేదు. రెండో రాత్రి: గురక లేదు. మూడో రాత్రి: దవడ లాగింది. గురక లేదు. నాలుగో రాత్రి: ఒక తిప్పు తిప్పాను. గురక లేదు. అయిదు నుంచి పది దాకా: గురక లేదు. ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు. నేనే జాగ్రత్తగా గమనిస్తూ ఉన్నాను.

మాట మాత్రం స్పష్టంగా రావడం లేదు. అవతలివాళ్లు రెండోసారి అడుగుతున్నారు. ఒంట్లో మత్తు కూడా ఎప్పటిలాగే ఉంది. నా గురక ఇసుమంత కూడా తగ్గలేదని మీ అక్క అంటోంది. ఏది నమ్మాలో తెలియడం లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. తువ్వాలు దిండుకు అవసరం పడలేదు. చొక్కాకు పడింది.

*

బావగారికి నమస్కారాలు, నాకు నేనే శభాషులు!

పది రాత్రులు, పదిసార్లు "గురక లేదు"! మీ ఉత్తరం మా పనిగదిలో గోడకు అంటించాను. అక్క మాట పట్టించుకోకండి. ఇరవై ఏళ్లు ఆ చప్పుడు విన్న చెవి, ఊరికే మానుకుంటుందా? మిల్లు పక్కన కాపురమున్నవాళ్లకు మిల్లు మూతబడ్డాక కూడా కొన్నాళ్లు చప్పుడు వినిపిస్తుందట. నిద్రలో ఊపిరిని మీరే గమనించడం ఎలా కుదిరిందో నాకు అంతుపట్టలేదు గాని, మీ శ్రద్ధ ముందు ఏదైనా కుదురుతుంది.

గురక ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పమంది. ప్లేట్లు పెట్టుకుని మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకుంటేనే అసలు సంగతి తేలుతుంది. అప్పటిదాకా తిప్పుతూ ఉండండి. అయినా ప్లేట్లు పెట్టుకున్నాక మాటలెందుకండీ? హాయిగా నోరు మూసుకోండి.

ఉంటాను,
మీ బావమరిది

తా.క. అక్క కాపురానికొచ్చిన ఇరవై ఏళ్లకు ఆవిడతో రాత్రిళ్లు కబుర్లు మొదలుపెట్టారన్నమాట. ప్లేట్లకు ఈ గుణం కూడా ఉందని మా డాక్టరమ్మకు తెలియదు.

*

బావమరిదికి,

నువ్వు చెప్పినట్టే రాత్రిళ్లు మాట్లాడటం మానేశాను. చేత్తో ఆపుతున్నాను, వేలితో దారి చూపిస్తున్నాను. దాంతో ఒక చిక్కు వచ్చింది.

నిన్న రాత్రి నలభై ఆరు లారీలు వచ్చాయి. నలభై ఆరో లారీ అతను కిందికి దిగి, "ఏంటన్నా, మాట్లాడవు? మందు కొట్టావా?" అన్నాడు. లేదని తలూపాను. అతను అవునని అనుకున్నాడు. పది నిమిషాల్లో సూపర్‌వైజరు గొట్టం పట్టుకొచ్చి ఊదమన్నాడు. ఊదాను. మందు లేదని తేలింది. గొట్టం నిండా ఉమ్మి నీళ్లు పడ్డాయని కోప్పడ్డాడు.

ఇప్పటికి ఏడు తిప్పులు అయ్యాయి. గురక లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. మీ అక్కతో కబుర్లేమీ లేవు. ఆ వేళకు ఆవిడ నిద్రలో ఉంటుంది.

*

బావగారికి నమస్కారాలు.

శుభవార్త! అక్క నిద్రలో ఉన్న వేళకు మీకు నలభై ఆరు లారీలు కనబడ్డాయంటే అవి కలలు బావగారూ, కలలు! ఇన్నాళ్లూ గంటకు ఇరవై రెండుసార్లు ఉలిక్కిపడే నిద్రలో కలకు చోటెక్కడుంది? ఇప్పుడు నిద్ర కుదురుకుంది, లారీలు వరసకట్టాయి. ఊదమన్న సూపర్‌వైజరు కూడా కలే. కలలో జరిగినదానికి మనసు కష్టపెట్టుకోకండి.

ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. కళ్లజోడు తీసి, "మీ బావగారు ఏ వేళకు పడుకుంటారో కనుక్కో" అంది. ఇదేం ప్రశ్నో నాకు తెలియదు. పెద్దమనిషి అడిగింది కాబట్టి ఒక్క ముక్క రాసెయ్యండి.

ఉంటాను,
మీ బావమరిది

తా.క. కలలో కూడా లెక్క తప్పకుండా నలభై ఆరు అని రాశారే! మా ఆవిడ దణ్ణం పెట్టింది.

*

బావమరిదికి,

ఉదయం ఏడున్నరకు.

ఇట్లు,
మీ బావ

తా.క. పడుకోబోయే ముందు ప్లేట్లు తీసి, కడిగి, డబ్బాలో పెడతాను. కాగితంలో అలాగే ఉంది.

*

బావగారూ! బావగారూ!

గేటన్నారు సరే, నైటు డ్యూటీ అని ఒక్కసారైనా అన్నారా? ఆ ఆరు మాటల్లో ఏడోది అదైతే మీ సొమ్మేం పోయేది? నెల రోజులుగా మెలకువగా ఉన్న మనిషికి గురక రాకుండా కాపాడుతున్నాను! మా పనిగదిలో మీ ఉత్తరం ఇంకా గోడ మీదే ఉంది. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాను.

కోపం మీ మీద కాదు, నా మీద. కాగితం నిండా రాత్రి, పొద్దున అని రాశాను గాని, నిద్ర అన్న మాట ఎక్కడా రాయలేదు. రాత్రయితే అందరూ పడుకుంటారని నా తెలివి. ఆ కాగితం చించెయ్యండి. ఇది పెట్టుకోండి: నిద్రపోయేటప్పుడు ప్లేట్లు పెట్టుకోవాలి. పగలైనా సరే, రాత్రైనా సరే, కుర్చీలో కునుకైనా సరే. లేచాక తీసెయ్యాలి. పరీక్షకు ఇంక అయిదు వారాలే ఉంది. తిప్పిన తిప్పులు వృథా పోలేదని, దవడకు ప్లేట్లు అలవాటైనట్టేనని డాక్టరమ్మ అంది. నేను మాత్రం క్యాలెండరు చూసి రోజులు లెక్కపెడుతున్నాను. మీ క్రేను పోతే నా మొహం అక్కకు ఎలా చూపించను?

మీకు ఒక్కనాడైనా అనుమానం రాలేదా?

మీ తెలివితక్కువ బావమరిది

తా.క. అక్కకు నా క్షమాపణ చెప్పండి. ఆవిడ చెవి బంగారం. డాక్టరమ్మ నవ్వీ నవ్వీ దవడ పట్టేసి, ఇవాళ పేషెంట్లను రేపు రమ్మంది.

*

బావమరిదికి,

అనుమానం వచ్చింది. క్రేను ఎక్కేటప్పుడు నడుముకు బెల్టు పెట్టుకుంటాం, పడుకునేటప్పుడు తీసేస్తాం. దవడకూ అలాంటిదేననుకున్నాను. మీ అక్క మొదటిరోజే, "నిద్రలో కదండీ పెట్టుకోవాల్సింది?" అంది. కాగితం చూపించాను. "మా తమ్ముడు రాశాడా? అయితే సరే" అంది. కాబట్టి నీ ఒక్కడి తప్పు కాదు.

ఆ తర్వాత సరిగ్గా పెట్టుకున్నాను. మూడోరోజు మీ అక్క నా ముక్కు కింద వేలు పెట్టి చూసింది, ఉన్నానా లేనా అని. పదోరోజు లేచేసరికి తల బరువు లేదు. లేవగానే పైపళ్లూ కిందిపళ్లూ కలవనట్టు ఉంటాయి, అరగంటకు సర్దుకుంటాయి. మొన్న పరీక్ష రిపోర్టు వచ్చింది. గంటకు నాలుగు.

రిపోర్టు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. మేనేజరు, యార్డు డాక్టరు ఉన్నారు. క్రేను ఇచ్చే ముందు గేటు పని ఎలా చేశానో చూద్దామని నా గేటు పుస్తకం తెరిచారు. "లారీ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము. బాగానే ఉంది. ఈ నాలుగో గడి ఏంటయ్యా? పన్నెండు, పద్దెనిమిది, ముప్పై... టన్నులా?" అని మేనేజరు అడిగాడు.

చెప్పక తప్పలేదు. రాత్రిపూట లారీలు గేటు బయట గంటసేపు వరసలో ఆగుతాయి. డ్రైవర్లు స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతారు. నంబరు రాసుకోవడానికి వెళ్లినప్పుడు వినబడుతుంది. కొందరికి గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. నా జబ్బు బయటినుంచి ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. అందుకని నిలబడి, ఊపిరి మళ్లీ వచ్చేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టాను. ఆ గడి అదే. మొత్తం పద్నాలుగు మంది.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఇంతమంది నిద్రమత్తులో బండ్లు తోలుతుంటే ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు. "ఒక్కొక్కరినీ లేపి వాళ్లకే చెప్పానండి. పన్నెండుమంది తిట్టారు. ఇద్దరు ప్లేట్లు చూపించమన్నారు. నోట్లోంచి తీసి చూపిస్తే రెండడుగులు వెనక్కి వేశారు" అన్నాను. నేను అన్ని మాటలు మాట్లాడగలనని అక్కడ ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

చెవితో విని తేల్చే జబ్బు కాదని, అందరికీ నిద్ర పరీక్ష చేయించాల్సిందేనని యార్డు డాక్టరు పద్నాలుగు నంబర్లూ రాసుకున్నాడు. వాళ్ల యజమానులకు ఆ పూటే ఫోన్లు వెళ్లాయి. మేనేజరు నన్ను మళ్లీ క్రేను ఎక్కించే కాగితం మీద సంతకం పెట్టి, "ఇంత బాగా చూస్తున్నావు, గేటు దగ్గరే ఉండిపోరాదూ?" అన్నాడు. క్రేనే కావాలన్నాను. ఇవాళ పొద్దున ఎక్కాను. సాయంత్రం దాకా కునుకు రాలేదు.

ప్లేట్లు సరిపడేవాళ్లు ఎంతమందో పరీక్షలయ్యాక తెలుస్తుంది. వాళ్లందరూ మీ దగ్గరికే వస్తామంటున్నారు. డాక్టరమ్మకు ముందే చెప్పి ఉంచు.

ఇట్లు,
మీ బావ

తా.క. వాళ్లలో ఒకాయనకు కింద ఒక్క పన్ను కూడా లేదు. ప్లేటు దేన్ని పట్టుకుంటుందో, ఆయనకు యంత్రమే గతో డాక్టరమ్మని అడిగి వెంటనే రాయి. పరీక్ష అయ్యేదాకా బండి ముట్టనన్నాడు, ఊళ్లో ఎవరూ లేరన్నాడు. అందుకని మన ముందుగదిలో పడుకోబెట్టాను. మీ అక్క తలుపు పక్కన కుర్చీ వేసుకుని, గడియారం చేత్తో పట్టుకుని లెక్కపెడుతోంది. ఇప్పుడే లోపలికొచ్చి, "ఈయన ముందు మీరెందుకూ పనికిరారండీ" అంది.