అరబెల్లా కాదు, టామ్సిన్

శామీర్‌పేట,
5 నవంబర్ 2025.

ప్రియమైన బెన్నీ బావగారికి,

మీ మరదలు రోజీ వందనాలు. ఇక్కడ ఝాన్సీ అక్క, పాప, అవ్వ, నాయిన అందరం దేవుని దయవల్ల బాగున్నాం. కుత్బుల్లాపూర్‌లో అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. పదహారో తేదీ ఆదివారం మన చర్చిలో పాప ప్రతిష్ఠ, పేరు పెట్టేదీ ఆ రోజే. మీరు ఎంచిన పేరు అక్క పలకదు. ఫోన్ చేస్తే మీరు స్పీకర్ పెడతారు, ఇల్లంతా వింటుంది. అందుకే కాగితం మీద రాసి నాయిన ఆటోలో పంపుతున్నాను.

మీరు అరుదైన బ్రిటిష్ పేర్లన్నీ వెతికి అరబెల్లా అని పంపారు. దేవుడు విన్న ప్రార్థన అని అర్థం కూడా రాశారు. అవ్వ విని, "అర బిళ్ళేంది బిడ్డా, జరమొస్తే ఏసుకునేటిదా?" అన్నది. అందరం పడీపడీ నవ్వాం. అక్క మాత్రం పాపను భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. "దేవుడు సగమే విన్నడు గదనే" అన్నది.

బావా, ఆస్పత్రిలో ఇద్దరు పుడితే ఒక్కరే ఇంటికి వచ్చారు. బాబు మాట ఝాన్సీ ముందు ఎత్తొద్దు, ఏడుస్తుంది అని మీరు మా అందరికీ చెప్పారు. అలాగే ఉన్నాం. రెండో జత బట్టలు అవ్వ పెట్టెలో అడుగున పెట్టేసింది.

మన చర్చి పద్ధతి మీకు తెలుసు. పేరేమిటమ్మా అని అయ్యగారు తల్లినే అడుగుతారు. తల్లి నోటితో చెప్పిందే పేరు. ఆ రోజు అక్క నోరు విప్పకపోతే, మీరు ఎంత పెద్ద ఫ్లెక్సీ కట్టినా పాప పేరు లేకుండానే ఇంటికొస్తుంది. బాబు పేరు లేకుండానే పోయాడు. ఈమెకు అలా కాకూడదు.

అందుకే ఇంకో పేరు చెప్తున్నాను: టామ్సిన్. ఇదీ బ్రిటిష్ పేరే, కార్న్‌వాల్ వైపుది. తోమా అనే పేరుకు ఆడ రూపం. మన ఇంటికి అలాంటి పేర్లు కొత్త కావు. నాయిన పేరు ఎడ్వర్డే కదా. అంటే సంపదను కాపాడేవాడని చెప్తే, "ఏం సంపదనే, గీ ఆటో టైర్లా?" అని నవ్వాడు. మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఒకటికి నాలుగు చోట్ల చూసి మరీ రాస్తున్నాను. ఈ పేరు మన పాపకు సరిగ్గా సరిపోతుంది. అవ్వ నోటికి కూడా తిరిగింది.

మేడ్చల్‌లో ఫ్లెక్సీ అచ్చుకు ఇవ్వకముందే ఒప్పుకోండి.

మీ మేలు కోరే మరదలు,
రోజీ

తా.క.: ఇక్కడినుంచి అత్తమ్మకు చదివి వినిపించకండి. టామ్సిన్ అంటే కవల. బైబిల్లో 'దిదుమ అనబడిన తోమా' అని చదువుతాం కదా, అదే అర్థం. ఈ పేరు కావాలన్నది నేను కాదు. "ఒక్క పిలుపుల ఇద్దరు రావాలె. ఎవ్వరికి సమజ్ గావద్దు. అసొంటి పేరు జూడు" అని అక్కే నన్ను అడిగింది. అర్థం మీకు చెప్పొద్దన్నది, మీరు ఏడుస్తారని. అందుకే చెప్పేస్తున్నాను. పన్నెండో తేదీలోపు జవాబు ఇవ్వండి. నాకు కాదు, అక్కకు.