బూటు మీదికెక్కిన మా గోడ

మాడుగులపల్లి, మంగళవారం రాత్రి

అన్నం ముద్ద దిగలేదు.

చెల్లి స్వప్నకు కాలేజీకి స్నీకర్లు కొందామని మిర్యాలగూడ వెళ్ళాం. షాపతను చేత్తో రంగులేసిన తెల్ల బూట్లు తీసి ముందు పెట్టాడు.

"చుట్టుపక్కల ఊర్లల్ల గోడలు ఫోటో తీసి, బూట్ల మీదికి దింపిచ్చినమక్కా. గ్రాఫిటీ అంటరు. ఇప్పుడు గిదే ఫ్యాషన్."

ఒక జత మీద గోధుమరంగు గుండ్రటి మచ్చలు, ఒక్కోదాని మీద ఐదు వేళ్ళ అచ్చు. వాటి సందుల్లోంచి ఎర్ర అక్షరాలు కనిపిస్తున్నాయి. 'స్వప్న' అని. పక్కనే బాణం గుచ్చిన గుండె.

మా ఇంటి గోడే! పోయిన ఎండాకాలం ఎవడో వెధవ రాసిపోయాడు. నాన్న రెండుసార్లు సున్నం వేసినా ఎరుపు పైకి తేలింది. చివరికి అమ్మ దాని మీద పిడకలు కొట్టింది. చెల్లి పేరు నలుగురి కంట పడకూడదని అమ్మ కొట్టిన పిడకలు ఈ పెద్దమనిషికి డిజైనట!

"గా పేరెవరిదో అడిగిన్రా?" అన్నాను.

"పేరుతోనే గదక్కా దానికి అందం," అని ఇకిలించాడు. "గసొంటియి రెండు జతలు అమ్ముడువోయినయ్."

థూ. వాడి మొహాన ఉమ్మకుండా ఎలా వచ్చానో.

బస్సులో స్వప్న తలెత్తలేదు. ఎక్కేవాళ్ళ కాళ్ళే చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గర పడుతుంటే ఒక్క మాట అడిగింది.

"గోడంటే అమ్మ కప్పింది. తిరిగే కాళ్ళను ఎట్ల కప్పుతదక్కా?"