మూడో మడిలో చల్లింది

రేణిగుంట,
2025 జులై 6, ఆదివారం.

చిరంజీవి రేవతికి,

ఫోన్‌లో అయితే నువ్వు అడ్డుప్రశ్నలు వేస్తావు, నేను కసురుకుంటాను. అందుకే రాస్తున్నాను. లారీ షెడ్డుకు బాడుగకిచ్చి పాడుచేసుకున్న మన స్థలంలో, ఇంజన్ ఆయిల్‌ను తినే బాక్టీరియా కలిపి నువ్వు వేసిన నాలుగు మట్టి మడులకు నేటికి ముప్పైఆరు రోజులు. రోజు విడిచి రోజు నీళ్లు చల్లించాను. నాలుగు రోజులకొకసారి మన పనికొచ్చే సుబ్బన్న చేత మట్టి తిరగేయించాను. అన్నీ నోటుపుస్తకంలో తేదీలవారీగా ఉన్నాయి. మూడు మడుల్లో జిడ్డు తగ్గింది, పిసికితే మట్టి పొడిగా రాలుతోంది. మూడో మడి మాత్రం అలాగే ఉంది. కారణం నాకు తెలియదు. నమూనాలు బస్సులో పంపుతున్నాను.

వేళకు తిను.
అవ్వ

చిత్తూరు,
జులై 15.

ప్రియమైన అవ్వా,

మా కాలేజీ ల్యాబ్‌లో పరీక్ష చేశాను. మూడో మడిలో బతికున్న బాక్టీరియా దాదాపు లేవు. ఏదో ఘాటైనది పడింది. నీ పుస్తకంలో తప్పుండదు కాబట్టి సుబ్బన్న గుర్తొచ్చాడు. షెడ్డులో పనిచేసినప్పుడు బ్యాటరీ నీళ్లు అక్కడే పారబోసేవాడు కదా. ఫోన్ చేసి అడిగాను.

"నేనేం పొయ్యలేదు పాపా. అవ్వనడుగు," అన్నాడు.

"అవ్వ అన్నీ రాసిపెట్టింది. అబద్ధం చెప్పొద్దు."

"సరే పాపా, రేపట్నించి రాన్లే," అన్నాడు.

పక్క గోడౌన్ మేనేజరు ఢిల్లీబాబు, కాపలా పనికి అతన్ని తీసుకోవచ్చా అని అడిగితే జరిగింది చెప్పాను. నేను చేసింది సరైనదేనా అవ్వా?

నీ రేవతి

రేణిగుంట,
జులై 28, సోమవారం.

రేవతీ,

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. ఈరోజే ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున ఢిల్లీబాబు మన గేటు దగ్గర ఆగి, "మీ సుబ్బన్నను వద్దనేసినామమ్మా. రేవతమ్మ చెప్పబట్టి సరిపోయింది, లేకుంటే మునిగిపోయిండేవాళ్లం," అని నాకు దండం పెట్టి పోయినాడు. ఆ దండం తీసుకుని లోపలికి వచ్చాను.

మూడో మడిలో బ్లీచింగ్ పౌడర్ చల్లింది నేను. జూన్ 20, శుక్రవారం.

బాక్టీరియాకు మేతగా నువ్వు కలిపించిన పేడా తవుడూ పులిసి వాసన కొట్టాయి. ఆ మడి వీధి వైపు ఉంది. తిరుచానూరు నుంచి వచ్చి పూలమ్మే యశోదమ్మ ముక్కు మూసుకుని, "ఏం టీచరమ్మా, ఊరి పిల్లకాయలకంతా శుభ్రం నేర్పినావు, నీ వాకిట్లో ఎలుక సచ్చినట్టుండాదే," అంది. పూలకు వచ్చినవాళ్లంతా నవ్వారు. మురుగుకాలువకని తెచ్చిన రెండు కిలోల సంచీ మొత్తం తెచ్చి కుమ్మరించాను. సుబ్బన్న అడ్డం వచ్చాడు.

"వద్దమ్మా. పాప ఏసిన పురుగులు సచ్చిపోతాయి."

"నాకు సైన్సు నేర్పుతావా?" అన్నాను.

ముప్పైరెండేళ్లు ఆ సైన్సే చెప్పాను. బ్లీచింగ్ సూక్ష్మజీవుల్ని చంపుతుందని ఏటా బోర్డు మీద రాశాను. తెలిసే చల్లాను. పుస్తకంలో ఆ తేదీకి "నీళ్లు చల్లడమైనది" అని రాశాను. కారణం తెలియదని నీకు రాసిందీ అబద్ధమే.

"అవ్వనడుగు" అన్నాడే కానీ, సుబ్బన్న నా పేరు బయటపెట్టలేదు. నేనే చెబుతానని అనుకుని ఉంటాడు. అది చదివి కూడా నోరు విప్పలేదు నేను. ఇప్పుడతను శ్రీకాళహస్తిలో కూతురింట్లో ఉన్నాడు.

నువ్వు చేసింది సరైనదేనా అని అడిగావు. కాదు. నన్ను నమ్మి చేశావు కాబట్టి అది కూడా నా ఖాతాలోదే.

నీ ముందు తలెత్తుకోలేని
అవ్వ

ఇక జరగాల్సినవి:

1. ఢిల్లీబాబుకు నువ్వు ఫోన్ చెయ్యొద్దు. ఈ సాయంత్రమే గోడౌనుకు వెళ్లి, పనివాళ్లందరి ముందు నేనే చెబుతాను.

2. రేపు మొదటి బస్సుకు శ్రీకాళహస్తి వెళ్తాను. సుబ్బన్న కూతురూ అల్లుడూ వినేలా చెబుతాను. లోపలికి రమ్మంటేనే గడప దాటుతాను.

3. మూడో మడి సంగతి నీ నివేదికలో ఉన్నదున్నట్టు రాయి. "పొరపాటున" అని రాయకు. నా పేరు రాయి: శకుంతలమ్మ, రిటైర్డ్ సైన్సు టీచరు.

4. ఆ మట్టిలో మళ్లీ బాక్టీరియా ఎప్పుడు వెయ్యవచ్చో పరీక్ష చేసి చెప్పు. వాసన వస్తే రానీ.

5. నువ్వు కూడా వెళ్లి సుబ్బన్నను క్షమాపణ అడుగు. పనికి తిరిగి రానంటే, ఎందుకని అడగకు.