కనకం ఎడమ చెయ్యి

బుధవారం రాత్రి, తిరుపతి

ఒళ్ళు హూనమైపోయింది. కిరసనాయిలు రేషనయ్యాక ఈ దీపం ముందు కూర్చోవాలన్నా భయమే.

మా కనకాన్ని వీధిబడిలో వేసి వారమైంది. పిల్లలందరికీ పప్పుబెల్లాలు పంచి మరీ చేర్పించాం. ఇసుకలో అక్షరాలు దిద్దమంటే దానికి ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. పంతులు ఆ చేతిని కండువాతో నడుముకు కట్టేస్తున్నాడట.

అందుకే పొద్దున దాన్ని మిషన్ బడికి తీసుకెళ్ళి చూపించాను. అక్కడ పసిపిల్లలు బంకమట్టితో బొమ్మలు చేసుకుంటున్నారు. "ఈడ ఏ చేత్తో చేసినా ఎవురూ ఏమీ అనరమ్మా" అంది టీచరమ్మ. కనకం ఎడమ చేత్తో ఒక పిల్లిని చేసి, దానికి తోక పెట్టి, నవ్వింది. వారం తర్వాత నవ్వింది.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య మండిపడింది.

"పప్పుబెల్లాలు పంచి చేర్పించిన బడిని మాన్పిస్తే పంతులుకు మొగం యాడ చూపించేది? ఆడపిల్ల ఎడం చేత్తో వడ్డిస్తే రేపు ఎవురు తింటారు?"

ఆయనేమో "నీ ఇష్టం" అని అటు తిరిగి పడుకున్నారు. రేపు ఏం జరిగినా తప్పు నాదేనని దాని అర్థం. మిషన్ బడిలో వేసినా, ఇంట్లో అన్నం దగ్గర ఆ చేతికి దెబ్బలు తప్పుతాయా? ఏమో…

ఇందాక దుప్పటి కప్పబోతే, కనకం ఎడమ చేతిని వీపు కిందకి తోసుకుని పడుకుని ఉంది. మెల్లగా బయటికి తీశాను. గోళ్ళలో ఇంకా బంకమట్టి ఉంది. నిద్రలోనే ఆ చేతిని మళ్ళీ వీపు కిందకి లాక్కుంది.